లిస్బన్‌లో ఫుడ్, వైన్ వాకింగ్ టూర్: అమ్మ శాకాహారి, నాన్నకు మోకాళ్ళ నొప్పి. బుక్ చెయ్యమంటారా?

తెనాలి_తమ్ముడు | మే 4, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేం డబ్లిన్‌లో ఉంటాం. అమ్మానాన్నలు మొదటిసారి ఇటు వచ్చారు. జూన్ 9 నుంచి 13 దాకా నలుగురం లిస్బన్ వెళ్తున్నాం. మా ఆవిడ అక్కడ ఒక టూర్ చూసింది. గైడుతో పాత వీధుల్లో నడుస్తూ పోర్చుగీసు తిండి తినడం, వాళ్ళ వైన్ రుచి చూడడం. మూడున్నర గంటలు, ఆరు చోట్ల ఆగుతారట. మనిషికి 85 యూరోలు, అంటే నలుగురికి 340.

నా టెన్షన్ ఏంటంటే: అమ్మ మాంసం, చేప ముట్టదు. కేకులో గుడ్డు ఉంటే ఫరవాలేదంటుంది, కంటికి కనబడకూడదంతే. నాన్న అన్నీ తింటారు, పండక్కి రెండు పెగ్గులు కూడా వేస్తారు, కానీ మెట్లు దిగాలంటే మోకాళ్ళు పట్టేస్తాయి. నేను మందు తాగను. ఇంక 340 యూరోలకు న్యాయం చేసేది మా ఆవిడ ఒక్కతే. వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

పొదుపు_పుల్లయ్య | మే 4, రాత్రి 10:05

శుద్ధ దండగ. ఆ డబ్బుతో అందరూ రెండు రోజులు కడుపునిండా తినొచ్చు. రెండేళ్ళ కిందట మేమిద్దరం సొంతంగానే తిరిగాం. రోసియో చౌరస్తా పక్కన సావో దొమింగోస్ చర్చి ముందు ఒక బుల్లి కొట్టు ఉంటుంది, 1840 నాటిది. అక్కడ జింజీన్యా అని పుల్లచెర్రీ సారా నిలబడి తాగుతారు. తర్వాత ఏదో ఒక కొట్లో బిఫానా, అంటే బన్నులో పంది మాంసం. ట్రామెక్కి బెలేం పేటకు వెళ్తే పష్టెల్, అంటే వాళ్ళ క్రీము మిఠాయి. అయిపోయింది. ఫోన్లో మ్యాప్ ఉండగా గైడెందుకు?

అట్లాంటిక్_అనసూయ | మే 5, ఉదయం 7:20

నేను లిస్బన్‌లోనే ఆరేళ్ళుగా ఉంటున్నాను. పుల్లయ్య గారు చెప్పింది ఆయనకు సరిపోతుంది. అన్నీ తినేవాళ్ళకు ఈ ఊళ్ళో గైడు అక్కర్లేదు. శాకాహారికి మాత్రం కావాలి, ఎందుకంటే ఇక్కడ శాకాహారంలా కనబడేవన్నీ శాకాహారం కాదు.

కాల్దు వేర్ద్ అని ఆకుకూర సూపు ఉంటుంది. బంగాళాదుంప మెదిపి, కేల్ ఆకును జుట్టులా సన్నగా తరిగి వేస్తారు. పచ్చగా చూడముచ్చటగా ఉంటుంది. అడుగున మాత్రం ఒక షొరీసు ముక్క, అంటే పంది సాసేజి, తప్పకుండా ఉంటుంది. తీసేసి ఇవ్వమంటే గరిటెతో తీసేసి అదే గిన్నె ఇస్తారు! పాతకాలపు మిఠాయిలు కొన్నింట్లో పంది కొవ్వు పడుతుంది. ఒకటుంది, దాని పేరే 'స్వర్గపు పందికొవ్వు'. "నేను వెజిటేరియన్" అంటే చాలామంది పెద్దవాళ్ళు చేప తెచ్చి పెడతారు. కాబట్టి "సెమ్ కార్న్, సెమ్ పైష్" అని రెండూ చెప్పాలి: మాంసం లేకుండా, చేప లేకుండా.

మీ అమ్మగారికి పనికొచ్చేవి రెండు చెప్తాను. ఒకటి పైషీన్యూష్ ద ఓర్తా. 'తోటలో చిట్టి చేపలు' అని అర్థం. కంగారు పడకండి, పేరులోనే చేప. లేత బీన్స్ కాయను నిలువునా పిండిలో ముంచి వేయిస్తారు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు మిషనరీలు ఇది జపాను తీసుకెళ్తేనే అక్కడ టెంపురా అయిందని చెప్తారు.

రెండోది అజైతావ్ జున్ను. గొర్రె పాలది. మామూలుగా చాలా చీజుల్లో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వేస్తారు కదా, మనవాళ్ళు చాలామందికి ఆ సంగతి తెలియకుండానే తినేస్తారు. అజైతావ్‌లో అది ఉండదు. ఊదారంగు ముళ్ళపువ్వు కేసరాలు నానబెట్టి ఆ నీళ్ళతో విరగ్గొడతారు. కొద్దిగా చిరుచేదుగా ఉంటుంది. పైమూత కోసేసి చెంచాతో తోడుకుని రొట్టె మీద రాసుకోవడమే.

నాన్నగారి మోకాళ్ళ విషయం: అల్ఫామా పేరున్న టూర్ వద్దు. అక్కడ వీధులంటే మెట్లే. బైషా, మోరారియా వైపు తిరిగేది చూడండి. బైషా చదునుగా, గళ్ళు గీసినట్టు ఉంటుంది. 1755 నవంబరు 1న వచ్చిన భూకంపానికి ఆ భాగమంతా నేలమట్టమైతే, అప్పటి మంత్రి పొంబాల్ మార్క్విస్ దగ్గరుండి కొత్తగా కట్టించాడు. కోట వైపు ఎక్కాలనుకుంటే బైషాలోనే ఒక భవనం లోపలనుంచి ఉచిత లిఫ్ట్ ఉంది. చెప్పులు మాత్రం నున్నటి అడుగువి వద్దు. ఫుట్‌పాత్‌ల మీద పరిచిన తెల్ల సున్నపురాళ్ళు అరిగి అరిగి అద్దాల్లా ఉంటాయి, చినుకు పడితే జారుడుబల్లే.

ఒంటరి_ప్రయాణం | మే 5, ఉదయం 8:02

నా అనుభవం చెప్తాను, కంపెనీ పేరు అడగొద్దు. బుకింగ్‌లో 'వెజిటేరియన్' గడిలో టిక్ పెట్టాను. ఆరు చోట్ల ఆగితే మూడు చోట్ల నాకు ఇచ్చింది రొట్టె, ఆలివ్‌లు. నాలుగో చోట ఆలివ్‌లు, రొట్టె. మిగతావాళ్ళు ఆక్టోపస్ సలాడ్ తింటుంటే నేను ఆలివ్ గింజలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నా. గైడు మంచివాడే, పాపం నా టిక్కు ఆయనదాకా రానేలేదు. టిక్కును నమ్మకండి. "ఏ చోట ఏం పెడతారు?" అని మెయిల్ రాసి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.

మిర్చియార్డు_మూర్తి | మే 5, మధ్యాహ్నం 1:15

మనకు మిరపకాయ తెచ్చిందే వాళ్ళు కదా, మరి అక్కడ కారం దంచికొడుతుందా? మావాడు ఒకడు చప్పగా ఉంటుందన్నాడు. నమ్మబుద్ధి కావట్లేదు.

అట్లాంటిక్_అనసూయ | మే 5, మధ్యాహ్నం 2:30

మీవాడు చెప్పింది నిజమే మూర్తి గారూ. అమెరికా నుంచి తెచ్చి గోవా తీరాన దింపి, తాము మాత్రం పెద్దగా తినలేదు! ఇక్కడి వంటంటే ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఉల్లి, బిరియానీ ఆకు, ఉప్పు. యూరప్‌లో మిగతాచోట్ల అంతగా కనబడని పచ్చి కొత్తిమీర మాత్రం ఇక్కడ బాగా వాడతారు, ఆ వాసనకు ప్రాణం లేచొస్తుంది. కారం కావాలంటే పిరిపిరి సీసా అడగాలి. అది కూడా ఆఫ్రికా కాలనీల మీదుగా వచ్చిన అలవాటు.

గొడ్డుమాంసం గురించి కొందరికి పట్టింపు ఉంటుంది కాబట్టి చెప్తున్నా: ప్రేగు అంటే బీఫ్ శాండ్‌విచ్, బిఫానా అంటే పంది. అల్యేరా అని ఒక సాసేజి ఉంది, దాని కథ ప్రతి గైడూ చెప్తాడు. 1497లో యూదుల్ని బలవంతంగా క్రైస్తవుల్ని చేశారు. పంది తినకపోతే ఇరుగుపొరుగుకు అనుమానం. అందుకని రొట్టె, కోడి, వెల్లుల్లి కూరి సాసేజిలా చేసి ఇంట్లో వేలాడదీసేవారట. కథ బాగుంది కదా అని పంది లేదనుకుని తినేయకండి, ఇప్పుడు అమ్మేవాటిలో చాలావరకు పంది కలుస్తుంది.

ద్రాక్షారామం | మే 5, రాత్రి 8:48

వైన్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను దిగుతున్నా. టూర్లో సాధారణంగా మూడు నాలుగు రకాలు పోస్తారు. మొదట వీన్యు వేర్ద్. 'పచ్చ వైన్' అని పేరే తప్ప రంగు పచ్చగా ఉండదు. ఉత్తరాన మీన్యు ప్రాంతంలో చేసి, లేతగా ఉండగానే తాగేస్తారు. ఆల్కహాల్ తక్కువ, నాలుక మీద సన్నగా చిటపట. ఎండలో నడిచి వచ్చాక దీనంత హాయి ఇంకోటి లేదు. తర్వాత అలెంతేజు రెడ్. అక్కడ కొన్ని ఊళ్ళలో రోమన్ల కాలం నాటి పద్ధతిలో నిలువెత్తు మట్టి బానల్లో వైన్ పులియబెడతారు. దొరికితే వదలొద్దు.

చివర పోర్ట్. ద్రాక్షరసం పూర్తిగా పులియకముందే అందులో 77 శాతం ఘాటున్న ద్రాక్ష సారా పోస్తారు. దాంతో ఈస్టు చచ్చిపోతుంది, తీపి అలాగే మిగులుతుంది. అందుకే పోర్ట్ తియ్యగా ఉంటుంది, ఆల్కహాల్ ఇరవై శాతం దగ్గర ఉంటుంది. తియ్యగా ఉందని గటగటా తాగితే నాన్నగారి మోకాళ్ళ మీద నింద వెయ్యడానికి వీల్లేదు. దోరు లోయలో పండే ద్రాక్షతోనే చెయ్యాలని 1756లోనే హద్దులు నిర్ణయించారు. అది చేసిందీ ఆ పొంబాలే.

పోర్ట్ నిలవపెట్టే కొయ్య బానను వాళ్ళు 'పీపా' అంటారు. దోరులో ఒక పీపా అంటే 550 లీటర్లు. మన పీపా ఆ పీపానే!

సత్తెనపల్లి_మాస్టారు | మే 5, రాత్రి 9:30

భేష్. పీపా ఒక్కటేనా? మేస్త్రి, పాదిరి, బొత్తాం, వేలం, అల్మారా, ఇస్త్రీ, అనాస, బొప్పాయి... అన్నీ ఆ ఓడల్లో దిగినవే. తమ్ముడూ, మీ అమ్మగారిని అక్కడి బజారులో 'అనానష్' అని అడగమనండి, అనాసపండు చేతికిస్తారు.

పొదుపు_పుల్లయ్య | మే 5, రాత్రి 9:41

మాస్టారూ, జీడిమామిడి కూడానా?

సత్తెనపల్లి_మాస్టారు | మే 5, రాత్రి 9:52

చెట్టు వాళ్ళదే నాయనా, బ్రెజిల్ నుంచి తెచ్చారు. పేరు మాత్రం మనం పెట్టుకున్నాం. అసలు 'వేలం' సంగతి తీసుకుంటే

నిర్వాహకుడు | మే 5, రాత్రి 10:10

మాస్టారూ, మాటల మూలాలకు వేరే చర్చ తెరవండి, అందరం అక్కడికి వస్తాం. ఇక్కడ పాపం ఆయన టూర్ బుక్ చేసుకోవాలి.

తెనాలి_తమ్ముడు | మే 9, సాయంత్రం 6:25

అందరికీ థాంక్స్. ఒంటరి_ప్రయాణం గారి మాట విని ముగ్గురికి మెయిల్ రాశాను. ఒకరు జవాబే ఇవ్వలేదు. ఒకరు "డోంట్ వర్రీ" అని రెండే మాటలు రాశారు. ఆ రెండు మాటలకే నాకు వర్రీ మొదలైంది. మూడోవాళ్ళు ప్రతి చోటా అమ్మకు ఏం పెడతారో వరసగా రాసి, "రెండు చోట్ల మీ అమ్మగారికి ఇవ్వడానికి ఏమీ లేదు, అక్కడ పండో జ్యూసో ఇస్తాం" అని ఒప్పుకున్నారు. వాళ్ళకే కట్టాను. తాగనివాళ్ళకు ధర తగ్గిస్తారా అనడిగితే మనిషికి 15 యూరోలు తగ్గించారు. నేను, అమ్మ కలిసి 30 మిగిల్చాం. పుల్లయ్య గారికి అంకితం.

పొదుపు_పుల్లయ్య | మే 9, సాయంత్రం 6:40

శభాష్. టూర్ అయ్యాక ఎక్కడైనా కూర్చుంటే, అడక్కుండానే బల్ల మీద రొట్టె, ఆలివ్‌లు, జున్ను పెడతారు. అది ఉచితం కాదు, బిల్లులో 'కువేర్' అని పడుతుంది. వద్దంటే తీసుకెళ్ళిపోతారు. అడగనిది, ముట్టుకోనిది బిల్లులో వెయ్యకూడదని అక్కడ చట్టమే ఉంది.

తెనాలి_తమ్ముడు | జూన్ 16, రాత్రి 10:15

వెళ్ళొచ్చాం. వివరంగా రాస్తున్నా.

టూర్ జూన్ 11 సాయంత్రం నాలుగుకి, రోసియోలో మొదలు. మొత్తం పది మందిమి. గైడు ముప్ఫై ఏళ్ళ అమ్మాయి, మోరారియాలోనే పుట్టి పెరిగిందట. మొదటి మాటే "శాకాహారం తినే అమ్మ ఎవరు?" అని అడిగింది. నాకు సగం డబ్బు అప్పుడే తిరిగొచ్చినట్టయింది.

మొదట జింజీన్యా. కొట్టంటే కొట్టు కాదు, గోడలో గూడు. లోపల నలుగురు నిలబడితే ఐదోవాడు రోడ్డు మీదే. "కొమ్ ఎలష్, సెమ్ ఎలష్?" అనడుగుతారు, అంటే గ్లాసులో చెర్రీలు వెయ్యాలా వద్దా అని. నాన్న వెయ్యమన్నారు. ఒక గుక్క తాగి "దగ్గుమందులా ఉందిరా" అన్నారు. దగ్గు లేకపోయినా రెండోది కూడా తాగారు. ఆ పక్కనే చర్చి ముందు ఒక రాయి ఉంది, మీద యూదుల నక్షత్రం. 1506లో ఈ చోటే మొదలుపెట్టి, మతం మార్చుకున్న యూదుల్ని ఊరంతా వెతికి చంపారట. గైడు గొంతు తగ్గించి చెప్పింది. చేతిలో తియ్యటి సారా గ్లాసు పట్టుకుని అది వినడం ఏదోలా ఉంది. కానీ చెప్పకుండా దాటేసి ఉంటే అంతకన్నా బాగుండేది కాదు.

రెండోది బకల్యావు కొట్టు. ఉప్పుపెట్టి ఎండబెట్టిన కాడ్ చేప. మొత్తం చేపను పుస్తకంలా తెరిచి, పలకల్లా ఒకదాని మీద ఒకటి పేర్చారు, మనిషి నడుమెత్తు. ఎక్కువగా నార్వే నుంచే వస్తుందట. నాన్న వేలి కణుపులతో ఒకదాన్ని టకటక కొట్టి చూశారు, తలుపు చప్పుడే. దాన్ని నీళ్ళు మారుస్తూ ఒకటి రెండు రోజులు నానబెడితేగానీ వండడానికి పనికిరాదు. సన్నగా చీల్చి, ఉల్లి, పుల్లల్లా వేయించిన బంగాళాదుంప, గుడ్డు వేసి కలిపింది పెట్టారు. మా ఆవిడ రెండు ప్లేట్లు లాగించింది. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వీధిలో నిలబడింది. "మన నిజాంపట్నం ఎండుచేపలకు ఇక్కడా ఇళ్ళు కట్టారా" అంది.

మూడోది తాష్కా, అంటే చిన్న పాత హోటలు. ఆరు బల్లలు, గోడ మీద పింగాణీ పలకలు. అమ్మ కోసం విడిగా పైషీన్యూష్ వచ్చాయి. ఆవిడ తినలేదు, ముందు ఒకటి విరిచింది. లోపల చూసింది. పిండి చిటికెడు గిల్లి వేళ్ళ మధ్య నలిపింది. "బీన్స్ బజ్జీ కదరా ఇది! మైదా. వాము లేదు, కారం లేదు, ఉప్పు కూడా అంతంతమాత్రం" అని తీర్పు ఇచ్చి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కందిపొడి పొట్లం తీసింది. నేను తల దించుకున్నా. గైడు అమ్మాయి మాత్రం వంగి వాసన చూసి, ఒక బజ్జీ అద్దుకుని తింది. ఇంకోటి అద్దుకుంది. తర్వాత వంటావిడను పిలిచింది. ఆవిడ వచ్చి తిని, మొహం ఎర్రబడి, నవ్వుతూ లోపలికి పరిగెత్తింది. పొట్లం అక్కడే వదిలేసి వచ్చాం.

నాలుగోచోట అజైతావ్ జున్ను, వైన్లు. ద్రాక్షారామం గారూ, మీ వీన్యు వేర్ద్ మా ఆవిడకు తెగ నచ్చింది. మట్టిబాన వైన్ దొరకలేదు. నాకు నచ్చింది సీసా బిరడా కథ. కార్క్ అంటే ఓక్ చెట్టు బెరడట. తొమ్మిదేళ్ళకోసారి ఒలుస్తారు, ఏ ఏడు ఒలిచారో గుర్తుగా చెట్టు మీద అంకె వేస్తారు. ప్రపంచంలో దాదాపు సగం కార్కు ఈ దేశానిదే. జున్ను గురించి అనసూయ గారు చెప్పి ఉండకపోతే అమ్మ ముట్టేది కాదు. ముళ్ళపువ్వు అని చెప్పాక చెంచా వదల్లేదు.

మార్తిం మునీష్ చౌరస్తా దాటి మోరారియాలో షమూసా పెట్టారు. అక్షరాలా సమోసానే, గోవా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళతో వచ్చింది. లోపల మాంసం, కాబట్టి అమ్మకు నారింజ రసం. ముందే చెప్పారు కదా, గొడవ లేదు.

చివర పష్టెల్ ద నాటా. పైన మాడిన మచ్చలు, లోపల వెచ్చటి జున్నుపాలలాంటిది, మీద దాల్చినచెక్క పొడి. అమ్మ సగం తింది, మొహం వెలిగిపోతోంది. సరిగ్గా అప్పుడే గైడు కథ ఎత్తుకుంది: మఠాల్లో గుడ్డు తెల్లసొనతో బట్టలకు గంజి పెట్టేవారు, మిగిలిన పచ్చసొన ఏం చెయ్యాలో తెలియక ఇలా మిఠాయిలు చేశారు, 1834లో మఠాలు మూసేశాక, 1837 నుంచి బెలేంలో అమ్మడం మొదలుపెట్టారు అని. అమ్మ నన్ను అడిగింది, "ఏంటి అంటోంది?" తెలివితక్కువగా అంతా తెలుగులో చెప్పాను. మిగతా సగం నాన్న తిన్నారు. అమ్మ నియమం ప్రకారం గుడ్డు కంటికి కనబడలేదు, కానీ చెవికి వినబడింది.

ఇంకోటి మర్చిపోయా. జూన్ 12 రాత్రి అక్కడ సెయింట్ ఆంథొనీ పండగ. అందుకని ఎక్కడ చూసినా చిన్న కుండీల్లో గుండ్రంగా చిట్టి ఆకుల మొక్క, మీద కాగితం పువ్వు. అమ్మ ఆగిపోయింది, "తులసి!" అని. తులసి కాదుగానీ తులసి చెల్లెలు, మంజెరీకు అంటారు. అమ్మ వంగబోతే గైడు ఆపింది. ముక్కు పెట్టి వాసన చూస్తే మొక్క వాడిపోతుందట. ముందు అరచేత్తో ఆకుల్ని నిమిరి, ఆ చెయ్యి వాసన చూసుకోవాలి. అమ్మకి నేనేం అనువదించాల్సిన పని లేకపోయింది. "దేవుడి పువ్వుకు మనమైనా అంతేగా" అని నిమిరింది.

మిర్చియార్డు_మూర్తి | జూన్ 16, రాత్రి 10:50

కందిపొడికి జేజేలు. నాన్నగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మా నాన్నకు 71, తీసుకెళ్ళొచ్చా?

తెనాలి_తమ్ముడు | జూన్ 16, రాత్రి 11:05

నడక మొత్తం రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ప్రతి చోటా కూర్చోబెట్టారు, జింజీన్యా దగ్గర తప్ప. మోరారియాలో ఒకచోట ఇరవై మెట్లు ఉంటే గైడు వేరే సందులోంచి తిప్పింది. మోకాళ్ళ నొప్పి ఉందని మెయిల్‌లో రాయండి, అదీ టిక్కుకి వదలొద్దు.

పొదుపు_పుల్లయ్య | జూన్ 17, ఉదయం 6:30

310 యూరోలు. నిజం చెప్పు తమ్ముడూ, గిట్టిందా?

తెనాలి_తమ్ముడు | జూన్ 17, ఉదయం 9:12

తిన్న తిండి లెక్కేస్తే గిట్టలేదు పుల్లయ్య గారూ, సొంతంగా అయితే 120లో అయిపోయేది. కానీ నేను తీసుకెళ్తే అమ్మ ఆ తాష్కా గడప తొక్కేది కాదు.

అట్లాంటిక్_అనసూయ | జూన్ 17, ఉదయం 10:40

ఆ బజ్జీలు ఇంట్లో చేశారా మరి?

తెనాలి_తమ్ముడు | జూన్ 17, రాత్రి 8:20

నిన్ననే. బీన్స్ ముక్కలు చెయ్యకుండా ఈనెలు తీసి, ఉప్పునీళ్ళలో ఒక పొంగు రానిచ్చి, శనగపిండిలో వాము, కారం, చిటికెడు సోడా కలిపి ముంచి వేయించింది. అక్కడివాటికన్నా బాగున్నాయి, అక్కడివాళ్ళకు చెప్పకండి. పైషీన్యూష్ అని నోరు తిరగక అమ్మ వాటికి 'ఫిష్షులు' అని పేరు పెట్టుకుంది. రాత్రి తెనాలిలో పిన్నికి ఫోన్ చేసి "ఇవాళ ఫిష్షులు చేశానే, అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు, నేనూ నాలుగు తిన్నా" అంది. అటునుంచి చాలాసేపు మాట లేదు.